మచ్చకు భయం, మానని పుండుకు ధీమా

ఒకే ఇంట్లో ఈ రెండూ కనిపిస్తాయి. కూతురికి చెంప మీద చిన్నప్పటి నుంచీ ఉన్న పుట్టుమచ్చ ఈమధ్య కాస్త ఉబ్బినట్టు అనిపిస్తోంది. అందరూ పడుకున్నాక ఫోన్‌లో బొమ్మలు వెతుక్కుంటుంది. ప్రతి బొమ్మా తన మచ్చలాగే ఉంటుంది, తెల్లారేదాకా కంటి మీద కునుకు ఉండదు. తండ్రి కార్ఖానాలో పనిచేసి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ల కిందట వేడి లోహం చింది పిక్క మీద పెద్ద మచ్చ మిగిలింది. ఆ మచ్చ నడుమ ఆరు నెలలుగా ఒక పుండు మానడం లేదు. "పాతదేలే, ప్యాంటు రాసుకుని రేగింది" అంటాడు. రోజూ కొబ్బరినూనె, పసుపు రాసి గుడ్డ కడతాడు. ఆ పుండు గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు.

జంషెడ్‌పూర్‌లో బిస్టుపూర్ ఆంధ్ర భక్త శ్రీరామ మందిరానికి వచ్చేవాళ్లలో, కద్మా, సోనారి వీధుల్లో ఉన్న తెలుగు కుటుంబాల్లో ఇలాంటి ఇల్లు ఊహించుకోవడం కష్టం కాదు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఉక్కు పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలవి, ఇప్పుడు మూడో తరం, నాలుగో తరం నడుస్తోంది. ఆ ఇంటికి చర్మవ్యాధుల డాక్టరు వెళితే మొదట చూసేది తండ్రి కాలునే. కూతురి చెంప మీది మచ్చ గురించి చాలావరకు రెండు నిమిషాల్లో ధైర్యం చెప్పగలరు. భయం ఉండాల్సిన చోట లేదు, అక్కర్లేని చోట నిద్ర చెడగొడుతోంది. దాన్ని సరైన చోటికి ఎలా తీసుకెళ్లాలో ఈ అధ్యాయంలో చూద్దాం.

భయం దారి తప్పడానికి ఒక కారణం, మన చేతికి అందే సమాచారంలో ఎక్కువ భాగం తెల్లని చర్మం కోసం తయారవడం. ఆస్ట్రేలియాలో 70 ఏళ్లు నిండేలోపు ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక రకం చర్మ క్యాన్సర్ బయటపడుతుందని అక్కడి క్యాన్సర్ కౌన్సిల్ చెబుతుంది. మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేసే కొడుకు అక్కడి ఆసుపత్రి గోడ మీది పోస్టరును ఫొటో తీసి కద్మాలోని తల్లికి వాట్సాప్‌లో పంపుతాడు. పోస్టరులో తప్పేమీ లేదు, అది చెప్పే ఊరు వేరు, చర్మం వేరు. మన దేశంలో నమోదయ్యే క్యాన్సర్లన్నిటిలో చర్మ క్యాన్సర్ వాటా ఒక శాతానికి అటూఇటూ.

దీనికి మూలం మెలనిన్ అనే రంగు పదార్థం. దాన్ని తయారుచేసే కణాలు తెల్లవాళ్లలోనూ నల్లవాళ్లలోనూ ఇంచుమించు ఒకే సంఖ్యలో ఉంటాయి. తేడా అవి తయారుచేసే రంగు రేణువుల పరిమాణంలో, అమరికలో ఉంది. 1979లో కైడ్‌బే, ఆయన సహచరులు పైచర్మపు పొరలను తీసుకుని వాటి గుండా ఎంత అతినీలలోహిత కాంతి దిగుతుందో కొలిచారు. చర్మాన్ని కమిలించే యూవీ-బి కిరణాలు తెల్లవాళ్ల పైచర్మంలోంచి సగటున 24 శాతం దాటిపోతే, నల్లవాళ్ల పైచర్మంలోంచి 7.4 శాతమే దాటాయి. మన చర్మాలు ఈ రెండిటి మధ్య రకరకాల చాయల్లో ఉంటాయి. ఎండలో పనిచేసే మన రైతుల్లో ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్లు తక్కువగా ఉండటానికి ఈ కాపలాయే ప్రధాన కారణం.

ఈ కాపలా పనిచేయని పిల్లలు కొందరు ఉన్నారు, వాళ్ల గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. చర్మ కణాల్లో ఎండ చేసిన దెబ్బను సరిచేసే యంత్రాంగం పుట్టుకతోనే లోపించే జబ్బును జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అంటారు. ఆ లోపం ఏమిటో 1968లో జేమ్స్ క్లీవర్ పట్టుకున్నాడు. ఆ మరమ్మతు ఎలా జరుగుతుందో విడమర్చినందుకు అజీజ్ సంజార్‌కు 2015లో రసాయనశాస్త్ర నోబెల్‌లో భాగం దక్కింది. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే ఈ జబ్బు వస్తుంది కాబట్టి మేనరికాలున్న కుటుంబాల్లో అవకాశం పెరుగుతుంది. ఏడాది, రెండేళ్ల బిడ్డకు కాసేపు ఎండ తగిలితేనే చర్మం ఎర్రగా కమిలిపోతున్నా, ముఖం నిండా గోధుమరంగు చుక్కలు పడుతున్నా, వెలుతురు చూడలేక కళ్లు మూసుకుంటున్నా డాక్టరుకు చూపించడానికి పండగ వెళ్లేదాకా ఆగకండి. అరుదైన జబ్బే, అయినా బిడ్డను ఎండకు దూరంగా పెంచగలిగితే ఎన్నో ఏళ్ల ఆయుష్షు మిగులుతుంది.

ఉక్కు నగరంలో చర్మం గురించి మాట్లాడుతూ తారును పక్కన పెట్టలేం. ఉక్కు తయారీకి కోక్ కావాలి. గాలి తగలకుండా బొగ్గును వెయ్యి డిగ్రీల పైచిలుకు వేడిలో కాల్చితే కోక్ వస్తుంది, దానితో పాటు తారు కారుతుంది. తారుకూ మసికీ చర్మ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం వైద్య చరిత్రలోనే చాలా పాతది. లండన్‌లో పొగగొట్టాల్లోకి నాలుగైదేళ్ల పిల్లలను దింపి మసి గీకించేవారు. వాళ్లు పెద్దయ్యాక వృషణాల తిత్తి మీద మానని పుండ్లు లేచేవి. అది సుఖవ్యాధి అని అంతా అనుకుంటున్న రోజుల్లో, 1775లో, పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు అది చర్మపు మడతల్లో ఇరుక్కున్న మసి వల్ల వచ్చే క్యాన్సర్ అని రాశాడు. మూడేళ్లకు డెన్మార్క్‌లో పొగగొట్టాలు శుభ్రం చేసేవాళ్ల సంఘం తన సభ్యులు రోజూ స్నానం చేయాలని నియమం పెట్టుకుంది. కారణమయ్యే రసాయనం పేరు తెలియక ముందే నీళ్లూ సబ్బూ రక్షణ అయ్యాయి.

ఆ రసాయనం దొరకడానికి మరో ఒకటిన్నర శతాబ్దం పట్టింది. 1915లో టోక్యోలో యమగివా, ఇచికావా కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సర్ పుట్టించారు. ప్రయోగశాలలో రసాయనంతో క్యాన్సర్ తెప్పించడం అదే మొదలు. తర్వాత లండన్‌లో కెన్నవే బృందం రెండు టన్నుల తారుపిచ్చును వడగట్టి, 1933 నాటికి బెంజోపైరీన్‌ను విడిగా పట్టుకుంది. ఈ చరిత్ర నుంచి కోక్ బ్యాటరీలో, తారు ప్లాంటులో, రోడ్డు పనిలో ఉన్నవాడికి అందే సలహా చాలా మామూలుది: డ్యూటీ దిగాక తలస్నానం, డ్యూటీ బట్టలు ఇంటి బట్టలతో కలపకుండా వేరుగా ఉతకడం, తారు పట్టిన చేతిని కిరోసిన్‌తో రుద్దకుండా సబ్బుతో కడగడం. చేతుల మీద, ముంజేతుల మీద గట్టిగా గరుకుగా బొడిపెలు లేస్తే, దశాబ్దాల కిందటి ఉద్యోగమైనా సరే, ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి. తారుకూ క్యాన్సర్‌కూ మధ్య ఇరవై, ముప్పై ఏళ్లు గడిచిపోవచ్చు.

కాలిన మచ్చలకు వద్దాం. 1828లో జాన్ నికొలా మార్జొలాన్ అనే ఫ్రెంచి వైద్యుడు పాత గాయాల మచ్చల్లో పుట్టే పుండ్లను వర్ణించాడు. తర్వాత అవి క్యాన్సర్లని తేలింది, మార్జొలిన్ పుండు అనే పేరు నిలిచింది. మన దేశానికి ఇందులో తనదైన అధ్యాయం ఉంది. చలికి ఫిరన్ అనే పొడవాటి అంగీ లోపల కాంగ్రీ అనే నిప్పుల కుంపటి పెట్టుకునే కశ్మీరీల పొట్ట మీద, తొడల మీద ఏళ్ల తరబడి వేడి తగిలిన చోట వచ్చే క్యాన్సర్ గురించి 1866లోనే ఎల్మ్‌స్లీ రాశాడు. ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో ఖనోల్కర్ 1945లో ధోవతి క్యాన్సర్‌ను వివరించాడు. నడుం దగ్గర బిగించి కట్టిన పంచె ఒకే చోట ఏళ్లపాటు ఒరుసుకుని, చర్మం గట్టిపడి, రంగు మారి, చివరికి పుండుగా మారేది. తర్వాతి కాలంలో బిగుతైన లంగా నాడా కింద స్త్రీలలోనూ ఇదే చూశారు. నాడా చోటు అప్పుడప్పుడు మార్చుకోవాలని, వెడల్పాటి పట్టీ వాడాలని ఈ పరిశీలన నుంచే నేర్చుకున్నాం. చర్మం మీద కాదుగానీ, శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరికి వచ్చిన పెద్దావిడల్లో ఎవరికైనా ఇంకా అడ్డపొగ అలవాటు ఉంటే, చుట్ట నిప్పు నోట్లోకి పెట్టుకుని తాగడం వల్ల అంగుడు మీద అదే తంతు జరుగుతుంది. టార్చిలైటు వేసి అంగుడు చూడండి.

మచ్చ ఎందుకు క్యాన్సర్ అవుతుంది? మచ్చలో రక్తనాళాలు తక్కువ, సాగే గుణం తక్కువ. కదిలినప్పుడల్లా చీలుతుంది, మానుతుంది, మళ్లీ చీలుతుంది. ప్రతిసారీ కణాలు విభజన చెందాలి. విభజన ఎక్కువైనకొద్దీ పొరపాట్లకు చోటు పెరుగుతుంది, ఆ పొరపాట్లను గుర్తించి తుడిచేసే రోగనిరోధక కణాలు గట్టిపడిన మచ్చలోకి సరిగా చేరలేవు. గాయానికీ క్యాన్సర్‌కూ మధ్య సగటున ముప్పై ఏళ్లు పడుతుంది. కొలిమి ఉన్న ఊళ్లో కాలిన మచ్చలు అన్ని వీధుల్లోనూ ఉంటాయి. 1989 మార్చి 3న, జంషెట్జీ టాటా 150వ జయంతి వేడుకలో పందిరి అంటుకుని 60 మంది చనిపోయిన రోజును ఈ ఊరు మరవలేదు. ఆ రోజు కాలిన గాయాలతో బతికి బయటపడినవాళ్ల మచ్చలకు ఇప్పుడు 35 ఏళ్లు దాటాయి. వాళ్లకు కొత్త దిగులు పెట్టడం నాకు ఇష్టం లేదు. మచ్చల్లో అత్యధిక భాగం జీవితాంతం మచ్చలుగానే ఉండిపోతాయి. గుర్తుపెట్టుకోవలసినది ఒక్క గడువు: మచ్చలో లేచిన పుండు ఆరు వారాల్లో మానకపోతే, అంచులు గట్టిపడి పైకి లేస్తే, ముట్టుకుంటే రక్తం కారితే, వాసన వస్తే దాన్ని పాత మచ్చ ఖాతాలో వేయకూడదు. ముక్క తీసి పరీక్ష చేయించాలి. తొలి దశలో చుట్టూ కొంత మంచి చర్మంతో కలిపి కోసి, అవసరమైతే తొడ నుంచి చర్మం తీసి అతికిస్తే చాలావరకు పని అయిపోతుంది. ఆలస్యమైతే గజ్జల్లోని గ్రంథులకు పాకుతుంది, ఒక్కోసారి కాలే తీసేయవలసి వస్తుంది.

మనం అసలు చూసుకోని చోటు అరికాలు. మెలనోమా అనే ప్రమాదకరమైన క్యాన్సర్ తెల్లవాళ్లలో వీపు మీద, కాళ్ల మీద ఎక్కువ. ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లలో అరుదుగా వస్తుంది గానీ, వస్తే అరికాల్లో, అరచేతిలో, గోరు కింద రావడమే ఎక్కువ. గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కాలి బొటనవేలి గోరు కింద కనిపించినది ఫుట్‌బాల్ దెబ్బ అనుకున్నారు, అది మెలనోమా. 1981లో, 36 ఏళ్ల వయసులో, అతను చనిపోయాడు. అరికాలికి ఎండ తగలదు కాబట్టి ఎండ క్రీముతో దీన్ని ఆపలేం. నడిచేటప్పుడు బరువు ఎక్కువగా పడే మడమ, ముందుపాదం చోట్లలోనే ఇవి ఎక్కువ కనిపిస్తున్నాయని 2016లో జపాన్ వైద్యులు గుర్తించారు.

అరికాలి మచ్చ మంచిదో కాదో చెప్పే చక్కటి ఆనవాలు కూడా జపాన్ నుంచే వచ్చింది. అరికాలిని దగ్గరగా చూస్తే గట్లూ చాళ్లూ సమాంతరంగా సాగుతుంటాయి. గట్ల మీద చెమట రంధ్రాలుంటాయి. తోషియాకి సైదా బృందం డెర్మోస్కోపు అనే వెలుతురున్న భూతద్దంతో వందల మచ్చలు చూసి, మామూలు పుట్టుమచ్చ రంగు ఎక్కువగా చాళ్ల వెంట ఉంటుందని, మెలనోమా రంగు గట్ల వెంట పరుచుకుంటుందని తేల్చింది. మీరు ఇంట్లో చూసుకోలేని తేడా ఇది, డాక్టరు పది సెకన్లలో చూడగలరు. ఇంట్లో చూడదగినవి వేరు: అరికాల్లో కొత్తగా వచ్చిన నల్లమచ్చ 7 మిల్లీమీటర్లు దాటి పెరగడం, ఆనెకాయ అనుకున్నది చిదిమినా కోసినా మానకపోవడం, గోటి మీది నల్లచార వెడల్పవుతూ గోటి మొదట్లోని చర్మానికి కూడా రంగు ఎక్కడం. అన్ని గోళ్ల మీదా సన్నటి చారలు ఉంటే కంగారు అక్కర్లేదు, మన రంగు చర్మంలో అవి సహజం. పాదాలకు పసుపు, పారాణి, ఈ ఊరి అలవాటైన ఆల్తా, గోళ్లకు గోరింటాకు, ఇవన్నీ సరిగ్గా చూడవలసిన చోటునే కప్పేస్తాయి. పండగ పూత వెలిసిపోయాక ఒకసారి తీరిగ్గా చూసుకోండి. వంగలేని పెద్దవాళ్ల పాదాలను మనవలు చూడాలి.

చెంప మీది మచ్చ దగ్గర ఆగిపోయిన కూతురి సంగతి చూద్దాం. న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్యులు 1985లో మెలనోమాను పట్టుకోవడానికి నాలుగు గుర్తులు చెప్పారు: రెండు సగాలు పోలకపోవడం, అంచు చెదిరి ఉండటం, రంగులు కలగలిసి ఉండటం, 6 మిల్లీమీటర్లు దాటడం. 2004లో ఐదోది చేర్చారు, మార్పు. ఈ ఐదింటిలో మనకు ఎక్కువ ఉపయోగపడేది చివరిదే. పెళ్లి ఫొటోలోనూ ఇప్పుడూ ఒకేలా ఉన్న మచ్చ గురించి దిగులు అనవసరం. ముప్పై దాటాక చెంపల మీద, మెడ మీద రవ్వంత నల్లటి బొడిపెలు రావడం మన కుటుంబాల్లో వంశపారంపర్యంగా వచ్చే లక్షణం, క్యాన్సర్‌తో సంబంధం లేనిది. నడివయసులో వీపు మీద అంటించినట్టుండే గరుకు గోధుమరంగు పెచ్చులూ అంతే. మెడ చుట్టూ చర్మం నల్లబడి దళసరి అయితే చేయించవలసినది షుగర్ పరీక్ష. పాలిపోయిన మచ్చ మీద చన్నీళ్లు పోసినా, సూది మొన తగిలినా తెలియకపోతే కుష్ఠు కావచ్చు, దానికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

ఇన్ని తెలిసినా రాత్రి నిద్ర ఎందుకు పట్టదు? నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ హౌట్, కింట్ 2003లో చేసిన ప్రయోగం దీనికి జవాబు చెబుతుంది. కంప్యూటర్ తెర మీద గ్యాస్ స్టవ్ చూపించి, కొందరిని దాన్ని ఆర్పి సరిచూడమని మళ్లీ మళ్లీ చెప్పారు. చివరి సారి ఏ బర్నర్ చూశారో వాళ్లకు సరిగ్గానే గుర్తుంది. ఆ జ్ఞాపకం మీద నమ్మకం మాత్రం కరిగిపోయింది, అంతా మసకగా అనిపించింది. మచ్చ విషయంలోనూ ఇదే జరుగుతుంది. రోజుకు ఇరవైసార్లు అద్దంలో చూసి, గిల్లి, నొక్కి చూసే మనిషికి అది పెరిగిందో లేదో తేల్చుకునే శక్తి తగ్గిపోతుంది. గిల్లిన మచ్చ వాస్తుంది, ఎర్రబడుతుంది, అది కొత్త మార్పుగా కనిపిస్తుంది. భర్తను పిలిచి "చూడండి, పెద్దదైందా?" అని అడగడం కూడా ఇదే కోవలోది. "ఏం లేదు" అన్న మాట గంటసేపు ఉపశమనం ఇస్తుంది, తర్వాత మళ్లీ అడగాలనిపిస్తుంది. ఓదార్పు ఇలా ఆరోగ్య భయాన్ని పెంచి పోషిస్తుందని 1986లో సాల్కోవ్‌స్కిస్, వార్విక్ రోగుల ఉదాహరణలతో చూపించారు. ఇంటివాళ్లు విసుక్కోకూడదు, అలాగని రోజూ తీర్పు చెప్పకూడదు. "ఒకటో తారీఖున చూద్దాం" అంటే చాలు.

ఆ ఒకటో తారీఖు పద్ధతిని నేను గట్టిగా నమ్ముతాను. నెలకు ఒకసారి, పగటి వెలుతురులో, కిటికీ దగ్గర, మచ్చ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. మిగతా రోజుల్లో చూడకండి, ముట్టుకోకండి. కన్ను చెప్పలేని మాట రెండు ఫొటోలు చెబుతాయి. తేడా కనిపిస్తే డాక్టరు, కనిపించకపోతే మళ్లీ వచ్చే ఒకటో తారీఖు. నెలనెలా ఒక్క మార్పూ లేకపోయినా భయం తగ్గక, పనులు మాని, పిల్లలను పట్టించుకోలేని స్థితి వస్తే అది ఆరోగ్య ఆందోళన అనే విడి సమస్య. మానసిక వైద్యులు మాటలతోనే దాన్ని చాలావరకు తగ్గించగలరు, అందులో సిగ్గుపడేదేమీ లేదు.

భయం అనుమానపు మచ్చను నాటు పద్ధతిలో తీసేయడానికి ఎగదోస్తుంది, ఇది నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెడుతుంది. సున్నం, చాకలి సోడా కలిపి పెట్టడం, నల్లజీడి రసం చుక్క వేయడం, గుర్రపు వెంట్రుకతో పులిపిరి కట్టేయడం మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. వీటితో పైన కాలిపోయి, కింద ఏముందో తెలియకుండా పోతుంది. మెలనోమాలో తీర్పు చెప్పేది లోతు. 1970లో అలెగ్జాండర్ బ్రెస్లో మెలనోమా మందాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, 0.76 మిల్లీమీటర్ల లోపు ఉన్నవాళ్లు చాలా బాగా బతుకుతున్నారని, మందం పెరిగినకొద్దీ గండం పెరుగుతోందని చూపించాడు. సున్నంతో కాల్చిన చోట ఆ కొలత ఎవరూ తీయలేరు.

ముక్క తీస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందన్న భయం కూడా మన ఊళ్లన్నిటా ఉంది. చర్మ క్యాన్సర్లలో అలా జరుగుతుందనడానికి ఆధారం లేదు. చోటు మొద్దుబారడానికి సూది వేసి, మూడు నాలుగు మిల్లీమీటర్ల చర్మం తీస్తారు, అనుమానం మెలనోమా మీద ఉంటే మచ్చ మొత్తాన్నీ తీస్తారు. ఆ ముక్కను ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో గట్టిపరిచి, వెంట్రుక కన్నా పల్చటి పొరలుగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. అందుకే నివేదికకు రోజులు పడుతుంది, ఆలస్యమైందంటే చెడ్డ వార్త అని అర్థం కాదు. ఈ ఎదురుచూపు రోజుల్లో ఫోన్‌లో బొమ్మలు చూడటం మానేయండి. రోజూ సాయంత్రం అరగంట మాత్రం దిగులుకు కేటాయించి మిగతా పొద్దంతా దాన్ని ఆ సమయానికి వాయిదా వేయమని బోర్కోవెక్ అనే మనస్తత్వవేత్త 1983లో సూచించాడు. మొదట్లో వింతగా ఉన్నా చాలామందికి పనిచేసింది.

జంషెడ్‌పూర్‌లో అనుమానం రాగానే మెహర్బాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి పేరు తలచుకుని బెదిరేవాళ్లున్నారు. దొరాబ్జీ టాటా భార్య, 1931లో లుకేమియాతో చనిపోయిన మెహర్బాయి పేరిట 1975లో ఈ ఊళ్లో వెలసిన క్యాన్సర్ ఆసుపత్రి అది. మొదటి మెట్టు అక్కడ మొదలవనక్కర్లేదు. చర్మవ్యాధుల డాక్టరు చూసి, ముక్క పరీక్షలో క్యాన్సర్ అని తేలితేనే అటు పంపుతారు. డబ్బు గురించి భయపడి ఆగేవాళ్లు ఆయుష్మాన్ కార్డు ఉందో లేదో ముందే చూసుకోవాలి. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు భరించే ఆ పథకం 2018 సెప్టెంబరు 23న మొదలైంది రాంచీలోనే.

వెళ్లే రోజు పుండు మీద పసుపు, పూతమందు, ఆకుపసరు ఏదీ రాయకండి. గోళ్ల రంగు తుడిచేయండి. నెలనెలా తీసిన ఫొటోలు వరసగా పెట్టుకోండి. ఎప్పుడు మొదలైంది, ఏం మారింది, ఇప్పటిదాకా ఏమేం రాశారు, కార్ఖానాలో ఏ విభాగంలో ఏ పని చేశారు, ఎక్కడైనా కాలిందా, ఇవి ఒక కాగితం మీద రాసుకోండి. డాక్టరు ముఖం మాత్రమే చూసి పంపేస్తుంటే చెప్పులు, సాక్సులు విప్పి, "అరికాళ్లు కూడా చూడండి" అని అడగండి. పెద్దాయన ప్యాంటు పైకి మడవడానికి మొహమాటపడితే, కట్టు విప్పేదాకా కూతురు పక్కనే నిలబడాలి.